ఒక చిన్న ఊరి పనులు, బతుకుదెరువుల లెక్క రాయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఎండాకాలం మధ్యాహ్నం. జగిత్యాల వైపు ఒక చిన్న ఊళ్లో వేపచెట్టు నీడ పడే అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో చాట. చాటలో తంబాకు, తడిపి మెత్తబరిచిన తూనికాకు, దారం ఉండ. "అవ్వా, నువ్వేం పని చేస్తవు?" అని అడిగాను. ఆమె తలెత్తకుండానే "నేనేం పని జేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే ఒక బీడీ చుట్టి, దారం కట్టి, మూతి మడిచి పక్కన పెట్టింది. నేను కాగితం మీద "ఇంటి పని" అని రాసుకుని పక్కింటికి పోయాను.

ఆ రోజు రాత్రి లెక్క వేసుకుంటే, నేను తిరిగిన ఇళ్లలో సగం మంది ఆడవాళ్లకు పనే లేదని తేలింది. మర్నాడు పొద్దున బీడీల కార్ఖానా ముందు చాటలు పట్టుకుని వరుసలో నిలబడింది ఆ ఆడవాళ్లే. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన తీరే తప్పు. ఊరి బతుకు లెక్క రాయాలనుకునే వాళ్లకు నేను చెప్పదలుచుకున్నదంతా ఆ అరుగు మీదే మొదలైంది: పల్లెలో ఏ ఇల్లూ ఒక్క పనితో బతకదు, ఏ మనిషీ ఏడాది పొడుగునా ఒకే పనిలో ఉండడు. ఇంటికొక వృత్తి, మనిషికొక వృత్తి అని రాసుకుంటూ పోతే కాగితం మీద తయారయ్యేది ఇంకేదో ఊరు.

ఈ మార్గదర్శి డిగ్రీ ప్రాజెక్టు చేసే విద్యార్థులకు, ఊరి చరిత్ర రాయాలనుకునే టీచర్లకు, కొత్తగా గెలిచి ఊరికి ఏం కావాలో తెలుసుకోవాలనుకునే సర్పంచులకు, వార్డు మెంబర్లకు పనికొస్తుంది. రెండు మూడు వందల ఇళ్ల ఊరనుకుని రాస్తున్నాను. నలుగురు కలిసి సాయంత్రాలు, ఆదివారాలు తిరిగితే రెండు నెలల్లో పూర్తవుతుంది.

1. ముందు ఊరంటే ఏదో తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తర్వాత లెక్కలు కుదరక తల పట్టుకునేది ఇక్కడే. రెవెన్యూ గ్రామం ఒకటి, గ్రామ పంచాయతీ ఇంకొకటి, మనం నోటితో "మా ఊరు" అనేది మరొకటి. ఒక రెవెన్యూ గ్రామం కింద అసలు ఊరు, దాని శివారు పల్లెలు, ఒక గూడెం, ఒక తండా ఉండొచ్చు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత చాలా తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. అంటే 2011 జనగణనలో మీ ఊరి కింద లెక్కించిన జనంలో కొందరు ఇప్పుడు మరో పంచాయతీ కిందికి పోయి ఉండొచ్చు. పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి "మా ఊరి జనాభా తగ్గింది" అని రాసేముందు ఇది చూసుకోండి.

నా సలహా ఏమిటంటే, లెక్క ఆవాసాల వారీగా రాసుకోండి. తర్వాత పంచాయతీకి కావాలంటే అలా, రెవెన్యూ గ్రామానికి కావాలంటే ఇలా కూడుకోవచ్చు. కలిపి రాసుకున్న దాన్ని మళ్లీ విడదీయడం మాత్రం కుదరదు.

2. ఉన్న కాగితాలు చదవండి, ఒక్కో కాగితానికి ఏది కనబడదో కూడా చూడండి

ఊళ్లోకి దిగేముందు ఓ వారం కాగితాలతో గడపండి. మొదటిది జనగణన. 2011 జనగణనలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఇళ్లు, జనం, అక్షరాస్యులు, ఎస్సీ, ఎస్టీ జనాభా, పనిచేసేవాళ్ల అంకెలు ఉన్నాయి. జిల్లా జనగణన పుస్తకాల్లో బడి, నీళ్లు, రోడ్డు, సాగు భూమి వివరాలు కూడా దొరుకుతాయి. 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది కాబట్టి, 2027 మార్చి 1 తేదీతో లెక్కించే కొత్త జనగణన అంకెలు వచ్చేదాకా ఊరి స్థాయిలో మనకు ఆధారం 2011దే.

అందులో పనిని ఎలా పంచారో తెలియకపోతే ఆ అంకెలు మోసం చేస్తాయి. ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు, అంతకు మించి పని చేసినవాళ్లు ప్రధాన శ్రామికులు. అంతకు తక్కువ చేసినవాళ్లు ఉపాంత శ్రామికులు. వీళ్లందరినీ నాలుగు గంపల్లో పోశారు: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమలో పనిచేసేవాళ్లు, ఇతరులు. సొంత భూమి అయినా, కౌలుకో పాలుకో తీసుకున్న భూమి అయినా, లాభనష్టాలు తన నెత్తిన వేసుకుని సాగు చేస్తే సాగుదారు. ఇంకొకరి పొలంలో కూలికి పోయి, పంట పోయినా తనకు నష్టం తగలకపోతే వ్యవసాయ కూలీ. మగ్గం నేసే ఇల్లు, కుండలు చేసే ఇల్లు గృహ పరిశ్రమ.

నాలుగో గంప పెద్ద చిక్కు. గొర్రెలు కాసే గొల్ల, చెరువులో చేపలు పట్టే ముదిరాజు, బడి పంతులు, ఆటో నడిపే కుర్రాడు, కిరాణా కొట్టాయన, అంగన్‌వాడీ టీచరు అందరూ ఇందులోనే పడతారు. అంకె చూసి "ఊళ్లో వ్యవసాయం కాని పనులు పెరిగాయి, ఊరు బాగుపడింది" అనుకోవడానికి లేదు. ఆ గంపలో ఉన్నది నెల జీతమో, వానకు తడుస్తూ మంద వెంట తిరిగే బతుకో ఆ అంకె చెప్పదు. మీరు చేసే పనిలో సగం విలువ ఆ గంపను విప్పడంలోనే ఉంది.

రెండోది భూమి కాగితం. తెలంగాణలో పహాణీ, ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1బి. భూమి ఎవరి పేరున ఉందో ఇవి చెబుతాయి, దున్నేది ఎవరో చాలాసార్లు చెప్పవు. చనిపోయిన తాత పేరు మీదే ఉండి, నలుగురు మనవళ్లు నోటి మాటతో పంచుకున్న భూములు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. మూడోది ఉపాధి హామీ జాబ్ కార్డుల జాబితా. 2005 చట్టం కింద 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పనుల రికార్డు, ఏ ఇల్లు ఏ ఏడాది మట్టి పనికి ఎన్ని రోజులు పోయిందో చూపిస్తుంది. కార్డు ఉన్నంత మాత్రాన పనికి పోయినట్టు కాదు, రోజులు చూడండి. నాలుగోది మహిళా సంఘాల జాబితా. గ్రామ సంఘం లీడరు దగ్గర, లెక్కలు రాసే అమ్మాయి దగ్గర ఊరి అప్పుల గురించి ఏ బ్యాంకుకూ తెలియనంత తెలివిడి ఉంటుంది. ఓటర్ల జాబితా, అంగన్‌వాడీ రిజిస్టరు ఇళ్ల లెక్క సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

ఇవన్నీ తీసుకునేటప్పుడు ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు మీ పుస్తకంలోకి రానివ్వకండి. మీ పనికి వాటి అవసరం లేదు.

3. ఊరు నడవండి, నేల మీద పటం వేయించండి

ప్రశ్నాపత్రం తయారు చేయకముందే ఊరు మొత్తం రెండుసార్లు నడవాలి. ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి పొద్దుగూకాక. పొద్దున పాలకేంద్రం దగ్గర క్యాను పట్టుకున్నదెవరు, అడ్డా మీదికి పోవడానికి ఆటో ఎక్కేదెవరు, నాట్ల గుంపుకు ముందు నడిచే మేస్త్రీ ఎవరు అనేది కళ్లకే కనిపిస్తుంది. సాయంత్రం మేకలు ఏ వాడలోకి మళ్లుతున్నాయి, ఏ ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది, ఏ ఇంటికి కొత్త స్లాబు పడుతోంది, ఏ ఇంటికి తాళం ఉంది అని చూసుకోండి.

తర్వాత ఒక ఆదివారం, గుడి ముందరో బడి ఆవరణలోనో, నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించండి. ఊరివాళ్లే వేయాలి, మీరు చూడాలి. బొగ్గు ముక్కలు పెడితే బోర్లు, చింతగింజలు పెడితే పాడి ఉన్న ఇళ్లు, ఆకులు పెడితే మనుషులు బయటికి పోయిన ఇళ్లు. పటం మీద ఒకరు తప్పు పెడితే పక్కవాళ్లే దిద్దుతారు. ఒక జాగ్రత్త తీసుకోండి. నడి ఊళ్లో వేయిస్తే దళితవాడ నుంచి ఎవరూ ముందుకొచ్చి గీత గీయకపోవచ్చు, వచ్చినా వెనకే నిలబడతారు. అందుకని వాడవాడకూ విడిగా వేయించండి. ఆడవాళ్లతో ఇంకోటి వేయించండి. నేను చూసినంతవరకు మగవాళ్లు వేసిన పటంలో రోడ్లు, పొలాలు, చెరువు కట్ట పెద్దగా ఉంటాయి. ఆడవాళ్ల పటంలో నల్లాలు, చేదబావులు, ఒంటరి ముసలమ్మల గుడిసెలు ముందు వస్తాయి. ఆ గుడిసెలు మగవాళ్ల పటంలో చాలాసార్లు ఉండనే ఉండవు.

పటం నుంచి ఇళ్ల జాబితా రాసుకోండి. ఒకే గోడల మధ్య రెండు కుటుంబాలుంటే ఎలా అనే ప్రశ్న మొదటి రోజే వస్తుంది. జనగణన పాటించే సూత్రమే మంచిది: ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. అత్తాకోడళ్లు ఒకే కప్పు కింద వేరు పొయ్యిలు పెట్టుకుంటే రెండు కుటుంబాలు. "వేరుపడ్డారా?" అని అడిగితే నొచ్చుకుంటారు. "పొయ్యి ఒకటేనా అక్కా?" అంటే చెబుతారు.

మూడు వందల ఇళ్ల లోపు ఊరైతే అన్ని ఇళ్లూ తిరగండి. అయిదింట ఒకటి చొప్పున ఎంచుకుంటే చిన్న ఊళ్లో ఉన్న ఒక్క కుమ్మరి ఇల్లు, రెండు మేదరి ఇళ్లు జారిపోతాయి. అసలు ఊరి వైవిధ్యమంతా ఆ ఒకటీ రెండూ ఇళ్లలోనే ఉంటుంది.

4. పని గురించి అడగడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

"మీ వృత్తి ఏమిటి?" అనే ప్రశ్న మీ కాగితంలో ఉంటే కొట్టేయండి. పల్లెలో ఆ మాటకు చాలామంది కులం పేరు చెబుతారు. లేదంటే గౌరవంగా ఉంటుందని "వ్యవసాయం" అంటారు. ఎకరం కుష్కి (వానాధార మెట్ట భూమి) ఉండి ఏడాదిలో పది నెలలు సెంట్రింగ్ పనికి పోయే మనిషి కూడా వ్యవసాయమే అంటాడు. అతనికి అది నిజం కూడా. కానీ ఇల్లు నడిచేది సెంట్రింగ్ డబ్బులతో.

దీనికి నాకు దొరికిన మంచి ఉపాయం, ఏడాదిని ఊరి కాలంతో విడగొట్టి అడగడం. జనవరి, ఫిబ్రవరి అంటే పెద్దవాళ్లకు గుర్తు రాదు. "మిరుగు (మృగశిర కార్తె) పడ్డప్పుడు ఏం చేసిన్రు? బోనాలప్పుడు? బతుకమ్మకు ముందు, తర్వాత? సంక్రాంతికి? ఉగాది దాటినంక?" అని అడిగితే ఏడాదంతా కళ్ల ముందుకొస్తుంది. కోస్తాలో అయితే ఏరువాక, నాట్లు, దసరా, కోతలు, సంక్రాంతి, మినుము తీత అని అక్కడి వరుస పెట్టుకోండి. మా వైపు ఒక ఇంటి ఏడాది ఇలా వస్తుంది: మిరుగుకు పత్తి గింజలు పెట్టడం, తర్వాత వరి నాట్లు, కలుపు. బతుకమ్మ దాటాక పత్తి ఏరడం, వరి కోతలప్పుడు వడ్లు ఆరబోసి కాంటా దగ్గర కాపలా. సంక్రాంతి తర్వాత పసుపు తవ్వడం, ఉడకబెట్టడం. ఎండాకాలం మట్టి పని, అడవి దగ్గరుంటే తూనికాకు. ఈ మధ్యలో దొరికిన ప్రతి గంటా బీడీలు. ఇదంతా ఒక్క ఆడమనిషి ఏడాది. దీన్ని "ఇంటి పని" అని రాశాను నేను మొదటిసారి.

అందుకే ప్రతి మనిషికీ మూడు గడులు పెట్టండి: ఎక్కువ రోజులు చేసిన పని, ఎక్కువ డబ్బు తెచ్చిన పని, వీటికి తోడు చేసిన పనులు. మొదటి రెండూ వేరువేరు అయ్యే ఇళ్లు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ తేలతాయి. రోజులు ఎక్కువ పొలంలో, డబ్బు ఎక్కువ హార్వెస్టరు డ్రైవరుగా. రోజులు ఎక్కువ కిరాణా కొట్లో, డబ్బు ఎక్కువ వడ్డీల మీద.

ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి, మగవాళ్లు ఇంట్లో లేని వేళ అడగాలి. "ఏం పని చేస్తరు?" అనకుండా పనులు పేరుపేరునా చెప్పి అడగండి. బర్రెలకు గడ్డి ఎవరు కోస్తారు, పాలు ఎవరు పిండుతారు, కేంద్రానికి ఎవరు పోస్తారు, నాట్లకు ఎన్ని రోజులు పోయారు, బీడీలు రోజుకు ఎన్ని, మిషన్ కుట్టడం ఉందా, సొంత చేనులో కూలీ పెట్టకుండా ఎన్ని రోజులు ఏరారు. ఇంటి వాడకానికే సాగు చేసినా, పాడి చేసినా అది పనేనని జనగణన నిర్వచనంలోనే ఉంది. లెక్క రాసేవాడు అడగడు, చెప్పేవాళ్లు దాన్ని పనిగా అనుకోరు, అలా రెండు వైపులా జారిపోతుంది. బీడీ వివరం రాసేటప్పుడు కార్డు ఆమె పేరు మీదే ఉందా అని కూడా అడగండి. ఒకరి పేరున కార్డు, చుట్టేది అత్త, కోడలు, బడి నుంచి వచ్చిన పిల్ల ముగ్గురూ అయ్యే ఇళ్లున్నాయి. పీఎఫ్, తెలంగాణలో బీడీ కార్మికులకు వచ్చే పింఛను, ఆ పేరు మీదే ఆధారపడి ఉంటాయి.

ఊళ్లో చెప్పుకోని పనులు కొన్ని ఉంటాయి. బెల్టు షాపు, వడ్డీ వ్యాపారం, ఇసుక. వీటిని నిలదీసి అడగొద్దు. "ఇతర వ్యాపారం" అని ఒక గడి పెట్టి, వాళ్లు ఎంత చెబితే అంత రాసుకోండి.

5. కులం ఒక గడి, పని ఇంకో గడి

ఒకప్పుడు ఈ రెండూ ఒకటే. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి లాంటి ఆయగాళ్లకు కళ్లం దగ్గర రైతు గింజలు కొలిచి ఇచ్చేవాడు. దాన్నే మేర అనేవాళ్లు. నాగలి కర్రు సాన పెట్టడం నుంచి పెళ్లిలో కుండలు తేవడం దాకా ఏడాది పని ఆ మేరకే. ఇనుప నాగళ్లు, ట్రాక్టర్లు, ప్లాస్టిక్ బిందెలు వచ్చాక ఆ లెక్క తెగిపోయింది. కానీ పూర్తిగా పోలేదు, అదే ఆసక్తికరమైన చోటు. చావుకు డప్పు ఎవరు కొడతారు, పెళ్లికి బట్టలు ఎవరు ఉతుకుతారు, చచ్చిన గొడ్డును ఎవరు తీస్తారు అని అడిగితే పాత లెక్క ఇంకా ఎక్కడ బతికి ఉందో తెలుస్తుంది. మానేసినవాళ్లు ఎందుకు మానేశారో కూడా రాయండి. కూలి గిట్టక మానడం ఒకటి, అవమానం వద్దని మానడం మరొకటి.

ప్రతి ఇంటికీ మూడు తరాలు అడగండి: తాత పని, తండ్రి పని, ఇప్పటి పని. వడ్రంగి మనవడు ఫర్నిచర్ షాపు పెట్టాడా, హైదరాబాద్‌లో కార్పెంటర్ అయ్యాడా, కూలీకి పోతున్నాడా? గొల్ల, కురుమ ఇళ్లలో 2017లో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చిన పథకం మంద ఇప్పటికీ ఉందా? గౌడ ఇళ్లలో తాళ్లు ఎక్కేవాళ్ల వయసెంత, ముప్పై లోపువాళ్లు ఒక్కరైనా ఉన్నారా? పద్మశాలి ఇంట్లో మగ్గం గుంత ఇంకా ఉందా, పూడ్చి టీవీ పెట్టారా? ఇవి రాస్తే ఊరి యాభై ఏళ్ల చరిత్ర రెండు పేజీల్లో వస్తుంది.

కులం అడిగేటప్పుడు ఆ ఇంటివాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటారో ఆ పేరే రాయండి. పక్కింటివాళ్లు పిలిచే పేరు రాయొద్దు.

6. భూమి: ఎవరిది, ఎవరు దున్నేది

పట్టా ఎంత, సాగు ఎంత అని రెండు వేరు అంకెలు తీసుకోవాలి. వాటి మధ్య తేడాయే కౌలు. కౌలు విషయం ఎవరూ తేలిగ్గా చెప్పరు. చెబితే భూమి పోతుందని యజమానికి, భూమి ఇవ్వరని కౌలుదారుకు భయం. ఆ భయానికి కారణాలున్నాయి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వచ్చింది, కౌలుదారుకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులిచ్చారు. 2019 చట్టం కింద పదకొండు నెలల సాగు హక్కు పత్రం వచ్చింది, దాని మీద యజమాని సంతకం కావాలన్నారు. సంతకం దొరకని వాళ్లు కాగితాల్లో రైతులే కారు.

కాబట్టి కౌలు గురించి నేరుగా కాకుండా సాగు నుంచి అడగండి. "ఈ ఏడు పత్తి గింజల పాకెట్లు ఎన్ని కొన్నరు? యూరియా ఎన్ని బస్తాలు పడ్డది? వడ్లు ఎన్ని బస్తాలైనయి?" ఆ లెక్క పట్టాలో ఉన్న ఎకరాలకు మించిపోతే, "మిగతాది ఎవరిది చేసిన్రు అన్నా?" అని మెల్లగా అడగొచ్చు. షరతు కూడా రాసుకోండి: ఎకరానికి ఇన్ని బస్తాలా, ఇంత రొక్కమా, సగం పాలా, డబ్బు ముందే కట్టాలా, పంట పోతే తగ్గిస్తారా. పంట పోయిన ఏడాది కౌలు మాఫీ అవుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్న ఊళ్లో బలం ఎవరి చేతిలో ఉందో చెప్పేస్తుంది.

కొలతలు కలగాపులగం చేయొద్దు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. బస్తా ఒక్కో చోట ఒక్కో బరువు, కాబట్టి కిలోల్లో అడిగి పక్కన రాసుకోండి. తరి (నీటి పారకం ఉన్న భూమి), కుష్కి, చెల్క (ఎర్ర నేల), రేగడి, బోరు కింద, కాలువ కింద అని విడగొట్టండి. బోరు కింద రెండెకరాలు, రాళ్ల చెల్క ఆరెకరాల కంటే పెద్ద ఆస్తి కావచ్చు. అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చింది) ఉంటే విడిగా చూపండి, 1977 చట్టం దాని అమ్మకానికి అడ్డుకట్టలు వేసింది కాబట్టి దాని విలువ పట్టా భూమి విలువతో సమానం కాదు. వ్యవసాయ గణనలో హెక్టారు లోపు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల లోపు, ఉన్నవాళ్లు సన్నకారు రైతులు. ఒకటి నుంచి రెండు హెక్టార్లు చిన్నకారు. మీరూ అవే గీతలు గీస్తే వేరే ఊళ్లతో పోల్చుకోవచ్చు.

7. ఆదాయం అడగొద్దు, ఖర్చూ అప్పూ అడగండి

నెలకు ఎంత వస్తుందంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, దాచాలని కాదు, వాళ్లకే తెలియదు. పంట డబ్బు ఏడాదికి రెండుసార్లు, బీడీ డబ్బు వారానికో నెలకో, కూలి రోజుకు, గల్ఫ్ డబ్బు వచ్చినప్పుడు. ఒక్కో పనికీ విడిగా, అది వచ్చే లెక్కలోనే అడిగి మీరే ఏడాదికి కూడుకోండి. పంటకు వచ్చిన దాంట్లోంచి పెట్టుబడి తీసేయడం మరవకండి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో పత్తి అమ్మిన మొత్తం డబ్బు ఆదాయంగా కనిపిస్తుంది. విత్తనం, మందులు, దున్నుడు కూలి, ఏరుడు కూలి, కౌలు తీసేస్తే కొన్ని ఇళ్లలో మిగిలేది సున్నా, కొన్నింట్లో అప్పు.

అప్పు మాటకొస్తే, మొదటి వారంలో నేనొక పొరపాటు చేశాను. ఒకాయన వాకిట్లో కూర్చుని పక్కింటివాళ్లు వింటుండగా అప్పు ఎంతని అడిగాను. "ఏం లేదు" అన్నాడు. సాయంత్రం చేను గట్టు మీద ఒంటరిగా కలిసినప్పుడు, బిడ్డ పెళ్లికి నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చానని తనే చెప్పాడు. నెలకు నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. అందుకే అప్పు ప్రశ్నలు చివర పెట్టండి, ఎవరూ లేనప్పుడు అడగండి, ఎంత అని కాక ఎందుకు, ఎక్కడ, ఎంత మిత్తికి అని మొదలుపెట్టండి. సంఘం, బ్యాంకు, ఎరువుల దుకాణం, బంధువులు, బంగారం కుదువ, చిట్టీ ఎత్తడం, ఫైనాన్స్ బండి అన్నీ వేరువేరు గడులు. ఎరువుల దుకాణంలో తెచ్చిన అరువును చాలామంది అప్పు అనుకోరు, విడిగా అడగాలి.

ఆస్తుల జాబితా పొట్టిగా ఉంచండి: ఇంటి కప్పు, బోరు, పశువులు, బండి, ట్రాక్టరు, ఫ్రిజ్, మరుగుదొడ్డి వాడుతున్నారా లేదా. టీవీ, సెల్‌ఫోను ఇప్పుడు దాదాపు అందరికీ ఉన్నాయి, వాటితో ఇళ్ల మధ్య తేడా తెలియదు.

8. ఊళ్లో లేనివాళ్లను లెక్కలోకి తేవడం

2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, లెక్కలో పేరుండాలని దూరపు పట్నాల నుంచి జనం ఊళ్లకు పరుగెత్తుకొచ్చారు. ఆ రోజు బస్సులు కిక్కిరిశాయి, ఊళ్లు నిండాయి. తర్వాతి వారం మళ్లీ తాళాలే. ఊరి లెక్క ఏ రోజు తీస్తే ఆ రోజు ఊరే దొరుకుతుంది. అందుకే ప్రతి ఇంట్లో "ఈ పొయ్యికి డబ్బు పంపేవాళ్లు ఎవరు, ఎక్కడున్నారు?" అని ఒక ప్రశ్న తప్పనిసరిగా పెట్టండి.

వలసలన్నీ ఒకే రకం కావు. పాలమూరు వైపు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పిల్లలతో సహా పోయేవి ఒక రకం. అనంతపురం నుంచి బెంగళూరుకు నెలల తరబడి, శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ వేరావల్‌కు సీజను పొడుగునా పోయేవి ఇంకో రకం. నిజామాబాద్, జగిత్యాల నుంచి మగవాళ్లు దుబాయ్‌కి, కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్‌కు పోయేది ఇంకో రకం. ఎవరు పోయారు, ఎన్నాళ్లకు వస్తారు, పోవడానికి ఎంత అప్పు అయింది, అది తీరిందా, ఇప్పుడు ఇంటికి ఎంత పంపుతున్నారు, పోయాక చేను ఎవరు చూస్తున్నారు అని రాయండి. వీసా అప్పే తీరని ఇంటిని "గల్ఫ్ ఇల్లు, ఉన్నవాళ్లు" అని ఊరు అనుకుంటూ ఉంటుంది.

తాళం వేసిన ఇంటిని వదిలేయకండి. పక్కింటివాళ్లను అడిగి పటం మీద గుర్తు పెట్టి, పండక్కి వచ్చినప్పుడు మళ్లీ వెళ్లండి. దసరా, సంక్రాంతి మీ తనిఖీ రోజులు.

9. లెక్క వేయడం

ప్రతి పది ఇళ్లలో ఒక ఇంటికి మీ బృందంలో వేరొకరు మళ్లీ వెళ్లి నాలుగైదు ప్రశ్నలు తిరిగి అడగాలి. తేడాలొస్తే ఆ ప్రశ్న అడిగే తీరు మార్చాలి. తర్వాతే పట్టికలు.

సగటును నమ్మొద్దు. అయిదు ఇళ్లున్నాయనుకుందాం. రెండిళ్లకు భూమి లేదు, ఒకరికి ఎకరం, ఒకరికి రెండు, ఒకరికి ఇరవై రెండు. మొత్తం ఇరవై అయిదు ఎకరాలు, సగటు ఇంటికి అయిదెకరాలు. ఊళ్లో అయిదెకరాల ఇల్లు ఒక్కటీ లేదు. ఇళ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెట్టి నడిమి ఇల్లు చూస్తే దానికి ఉన్నది ఎకరం. ఆ నడిమి అంకె రాయండి, పక్కన పైనున్న పదో వంతు ఇళ్ల చేతిలో మొత్తం భూమిలో ఎంత ఉందో రాయండి. ఈ రెండు చాలు.

పనుల పట్టికలో మనుషుల కంటే పనుల సంఖ్య ఎక్కువ వస్తుంది, రావాలి కూడా. వంద మందికి రెండు వందల పనులు తేలితే కంగారు పడకండి, శీర్షికలో ఆ మాట స్పష్టంగా రాయండి. దాని పక్కనే ఇళ్ల పట్టిక: ఒక్క పని మీద నడిచేవి ఎన్ని, రెండు, మూడు, అంతకు ఎక్కువ వాటి మీద నడిచేవి ఎన్ని. ఆ పట్టికను కులం, భూమితో కలిపి చూడండి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూర్లలో ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వాళ్లు 1975లో మొదలుపెట్టి చాలా ఏళ్లు ఇళ్ల లెక్కలు రాశారు. ఉమ్మడి గుంటూరు, అనంతపురం, కరీంనగర్ జిల్లాల్లోని అనంతవరం, బుక్కచర్ల, కొత్తపల్లిలను ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2005-06లో ఇల్లిల్లూ తిరిగారు. మీ ఊరి లెక్కను ఆ ఊళ్లతో పోల్చి చూసుకోవచ్చు.

10. ఊరికి తిరిగి చెప్పడం

అచ్చు వేయకముందే ఊళ్లో చదివి వినిపించాలి. గ్రామసభలో ఒకసారి, ప్రతి వాడలో ఒకసారి. పేర్లు తీసేస్తే చాలదు. ఊళ్లో ఒక్కటే కుమ్మరి ఇల్లుంటే "కుమ్మరి కుటుంబం, అప్పు ఇంత" అని రాసినా అందరికీ తెలిసిపోతుంది. అయిదు ఇళ్ల కంటే తక్కువున్న ఏ వర్గానికీ అప్పు, ఆదాయం విడిగా చూపకండి, పక్క వర్గంతో కలిపేయండి. ఇంటివారీ కాగితాలు మీ దగ్గరే తాళంలో ఉండాలి, పంచాయతీ ఆఫీసులో వదలొద్దు. కౌలు వివరం ఒక్కటి బయటికి పొక్కినా ఎవరో ఒకరి చేను పోతుంది.

చదివేటప్పుడు వాదనలు వస్తాయి, రాసుకోండి. నేను చదివిన రోజు, బీడీల అంకె వినగానే మగవాళ్ల వైపు నుంచి "అంత మంది ఎక్కడ?" అని ఎవరో అన్నారు. అరుగు మీది ఆ అవ్వ లేచి, తన వాడలో చాట పట్టే ఇళ్లను ఒక్కొక్కటిగా వేళ్ల మీద లెక్కపెట్టింది. నా పట్టికలో ఉన్నవాటికంటే నాలుగిళ్లు ఎక్కువ తేలాయి. అక్కడే దిద్దుకున్నాను.

పట్టికల ప్రతి ఒకటి బడిలో, ఒకటి గ్రామ సంఘం బీరువాలో పెట్టండి. మీ ఇళ్ల నంబర్ల జాబితా, ప్రశ్నాపత్రం, తిరిగిన తేదీలు మాత్రం విడిగా భద్రం చేయండి. అయిదేళ్ల తర్వాత మీరో, ఆ బడి పిల్లల్లో ఎవరో మళ్లీ అదే ఇళ్లకు అవే ప్రశ్నలతో పోవాలంటే అవి కావాలి.